దిబ్బపేట పెద్ద ఇచ్చిన మాట

దిబ్బపేటలో ఇప్పుడు సింహాద్రిని పేరు పెట్టి పిలవనివాళ్ళు లేరు. కొన్నేళ్ళ కిందట అతని ఈడు మగవాళ్ళు కూడా ‘పెద్ద’ అనే పిలిచేవారు. టీ కొట్టు దగ్గర అతను కనబడితే బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచి చోటిచ్చేవారు. ఇప్పుడు అతనే పక్కకి జరిగి నిలబడతాడు.

వైజాగ్ వన్ టౌన్ సందులు దాటి, రేవు గోడ వెంబడే ఉత్తరానికి నడిస్తే వచ్చే ఇసుక దిబ్బ మీద ఉంది ఆ పేట. అంతా వేట మీద బతికేవాళ్ళే. మగవాళ్ళు సముద్రం మీదికి పోతే, ఆడవాళ్ళు గంపలు నెత్తికెత్తుకుని ఊరి మీదికి పోతారు. సింహాద్రి తండ్రి ఆ పేటకి కులపెద్ద. ఆయన పోయాక పదిమందీ కూర్చుని, కొడుకు నెమ్మదస్తుడు, తాగడు, నోరు పారేసుకోడు అని సింహాద్రి తలకి పాగా చుట్టారు.

పెద్దరికం అంటే పాగా, పంచె, పండగనాడు మొదటి కొబ్బరికాయ అని అనుకునేవాళ్ళుంటారు. సింహాద్రికి మాత్రం అది మెడకి కట్టిన బండరాయిలాగే ఉండేది. గంగమ్మ సంబరం ఏ రోజున చెయ్యాలో, ఆ రోజున ఎవరూ పడవ దించకూడదని చెప్పాల్సింది అతనే. అందరూ కలిసి ఒడ్డు నుంచి లాగే అలివి వలలో పడిన చేపలో మొదటి గంప మగదిక్కు లేని ఇళ్ళకి వెళ్ళిందో లేదో చూడాల్సింది అతనే. ఆఫీసర్లు జీపు దిగితే జనానికి ముందు నిలబడాల్సిందీ, తిట్లు పడాల్సిందీ అతనే. వల చిరిగిందనీ, పడవకి పడవ తగిలిందనీ కొట్టుకున్నవాళ్ళని చావడి అరుగు మీద కూర్చోబెట్టి, ఇద్దరి గోడూ విని, ఇద్దరికీ చెరో సగం తప్పు పంచి పంపేవాడు. దానికి ఇద్దరూ అతన్నే తిట్టుకుంటూ పోయేవారు.

తండ్రి అతనికి ఒక్కటే చెప్పాడు. “మాటంటే నీట్లో ఒదిలీసిన వల లాంటిదిరా. ఒదిలినాక లాగీదాకా ఒడ్డునే ఉండాల.”

తుఫాను వెళ్ళిన ఒక కార్తీక మాసంలో దక్షిణం వైపు నుంచి ఆరేడు పడవలు దిబ్బపేట ఒడ్డుకి వచ్చాయి. వాటిని చూస్తే జాలేసింది. చెక్కలు ఊడిపోయి, గుడ్డ పేలికలు కుక్కిన పడవలు. వలలు చిరిగి, ముడులు పడి, వాసన కొడుతున్నాయి. ఆడవాళ్ళ ఒంటి మీద ఉప్పు చారలు. వాళ్ళలో పెద్దవాడు నీలకంఠం. సన్నగా, గడ్డం మాసి ఉన్నాడు. ఇసుక మీదే కూలబడి, తమది దూరాన కాకినాడ దాటిన ఊరనీ, సముద్రం ఇళ్ళు మింగేసిందనీ, తీరం పట్టుకుని వస్తున్నామనీ, దారిలో ఎవరూ చోటివ్వలేదనీ చెప్పాడు. అతని కూతురు చిట్టమ్మ కొంగులోంచి బూజు పట్టిన అటుకులు తీసి చూపించింది. ఇవే తింటన్నాం అంది.

దిబ్బ చివర ఖాళీ ఇసుక ఉంది. అక్కడ పాకలు వేసుకుని, దిబ్బపేట వాళ్ళు వదిలేసిన నీళ్ళలో వేటాడుకుంటామని వాళ్ళు అడిగారు. పేట పెద్దలు తలలూపారు. ఎవరినైనా పంపి విచారిద్దామని ఒక్కరికీ తోచలేదు. ఆకలితో వచ్చినవాడి ఊరు అడగడం తప్పనిపించింది సింహాద్రికి. గంగమ్మ గుడి ముందు కర్పూరం వెలిగించి, మంట మీద అరచెయ్యి పెట్టి, మీకు ఈ ఒడ్డున మా వల్ల కీడు రాదని చెప్పాడు. నీలకంఠం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

నెల తిరిగేలోగా నిజం బయటపడింది. బయటపెట్టింది సింహాద్రి భార్య పోతమ్మ. గోపాలపట్నం బజారులో ఆమె గంప పక్కనే చిట్టమ్మ కూడా గంప దించుకుని కూర్చునేది. ఒకరోజు కూరగాయలమ్మే ఆవిడ చిట్టమ్మని పలకరించింది. పద్మనాభం కాలనీ నుంచి ఎప్పుడొచ్చేశారు, ఇల్లు తాళం పెట్టేశారా అని అడిగింది. చిట్టమ్మ మొహం మాడిపోయింది. పోతమ్మ ఆ రోజు చేపలు తెగనమ్మేసి, మధ్యాహ్నానికే ఆటో ఎక్కి ఇంటికొచ్చింది.

“మావా, ఆలు కాకినాడోలు కాదు. కొండకిందపేటోలు,” అంది.

సింహాద్రి చేతిలో వల కుట్టే సూది అలాగే ఆగిపోయింది.

కొండకిందపేట ఎక్కడో లేదు. స్టీల్ ప్లాంటు అవతల, పడవలో పూటలో పోయి వచ్చే దూరం. కొన్నేళ్ళ కిందట అటువైపు ఒక జెట్టీ కట్టబోతే, తీరంలో ఉన్న పేటలన్నీ ఒక్కటై పడవలు అడ్డంపెట్టాయి. ఆ తొక్కిసలాటలో ఒక పడవ తిరగబడి దిబ్బపేట కుర్రవాడు చనిపోయాడు. శవానికి దహనమైనా కాకముందే కొండకిందపేట వాళ్ళు వెనక్కి తగ్గారు. సర్కారు ఇస్తానన్నదానికి ఒప్పుకుని, ఒడ్డు వదిలేసి, లోపల ఎక్కడో పద్మనాభం దగ్గర వరిచేల మధ్య కట్టిన కాలనీ ఇళ్ళకి పోయారు. అడ్డు విరిగిపోయింది. ఆ రోజున తీరం పెద్దలందరూ ఒక మాట అనుకున్నారు. కొండకిందపేట మనిషికి ఏ ఒడ్డునా చోటు లేదని. ఆ మాట అన్నవాళ్ళలో సింహాద్రి కూడా ఉన్నాడు.

చనిపోయిన కుర్రవాడి తమ్ముడు దొరబాబు. పేటలో రెండు మోటారు పడవలున్నవాడు.

సింహాద్రి నీలకంఠాన్ని పిలిపించి అడిగాడు. నీలకంఠం దాచలేదు. చేల మధ్య ఇళ్ళిచ్చారు గానీ వాళ్ళకి నాగలి పట్టడం రాదు. సముద్రం చప్పుడు లేకపోతే ముసలాళ్ళకి నిద్ర పట్టేది కాదు. మగవాళ్ళు వాచ్‌మెన్లుగా పోయి, తాగి, పనులు పోగొట్టుకున్నారు. అందుకే పాత పడవలు అద్దెకి దాచిన చోటి నుంచి తీసి, వలలు చింపుకుని, అటుకులకి బూజు పట్టించుకుని వచ్చారు. నిజం చెబితే ఒడ్డున దిగనిచ్చేవాడివా అని అడిగాడు. దిగనిచ్చేవాడు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం పంచాయితీ పెట్టాలన్నాడు దొరబాబు. ముందురోజు సాయంత్రం పోతమ్మ తమ్ముడు జగ్గారావు వచ్చాడు. అతను స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి, ఒంట్లో బాగోక మానేసి, గోపాలపట్నంలో ఒక చిన్న ప్రార్థన మందిరానికి పోవడం మొదలుపెట్టాడు. సింహాద్రి అతన్ని ‘పాస్టరు గారూ’ అని ఆటపట్టించేవాడు. ఆ సాయంత్రం ఆ మాట అనలేదు. మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, జరిగిందంతా చెప్పాడు.

అచ్చం ఇలాంటిదే ఒకటి మందిరంలో విన్నానన్నాడు జగ్గారావు. పాతకాలంలో ఇశ్రాయేలు వాళ్ళని ఉండేవారట. పన్నెండు గోత్రాలు. ఒక్కో గోత్రానికి ఒక పెద్ద. జనాన్ని లెక్క చూసుకోవడం, దారి నడిచేటప్పుడు తన గోత్రం జెండా పట్టుకుని ముందు నడవడం, యుద్ధానికి మనుషుల్ని పంపడం, తగవులు తీర్చడం, దేవుడి గుడారానికి తన వాళ్ళ తరఫున కానుకలు మొయ్యడం అన్నీ ఆ పెద్దల పనే. వాళ్ళు ఒక దేశం మీదికి వస్తుంటే, పక్క ఊరివాళ్ళే భయపడి, చిరిగిన చెప్పులు తొడుక్కుని, బూజు పట్టిన రొట్టెలు మూటగట్టుకుని, ఎక్కడో దూరం నుంచి వచ్చామని చెప్పి కాళ్ళ మీద పడ్డారట. పెద్దలు దేవుణ్ణి అడక్కుండానే ఒట్టు పెట్టేశారు. మూడు రోజులకి తెలిసింది, వాళ్ళు పొరుగువాళ్ళేనని. జనమంతా పెద్దల మీద విరుచుకుపడ్డారు. నరికేద్దాం అన్నారు.

“మరి పెద్దలేటి సేసినారు?” అన్నాడు సింహాద్రి.

“దేవుడి పేరున ఒట్టేసినాం, ఆలని ముట్టుకోకూడదు అన్నారు బావా. జనం గొణుక్కున్నారు. అయినా పెద్దలు మాట తప్పనేదు.”

సింహాద్రికి గుండెల మీంచి ఏదో దించినట్టయింది. ఎక్కడో, ఎప్పుడో, తనలాంటివాళ్ళు ఇదే గోతిలో పడ్డారన్నమాట. జగ్గారావు ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆ వచ్చినవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారో, వాళ్ళని ఏ పనిలో పెట్టారో. కట్టెలు కొట్టేవాళ్ళుగా, నీళ్ళు మోసేవాళ్ళుగా పెట్టుకున్నారని అన్నాడు. సింహాద్రి వింటూనే ఉన్నాడు గానీ, అతని మనసు రేపటి చావడిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ఎండలో చావడి నిండిపోయింది. కొందరు కిరసనాయిలు డబ్బాలు తెచ్చి అరుగు కింద పెట్టారు, దాచకుండా. దిబ్బ చివర పాకల దగ్గర ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఇటే చూస్తున్నారు. దొరబాబు అరవలేదు. అరిచి ఉంటే సింహాద్రికి తేలికయ్యేది.

“కొండకిందపేటోడికి చోటివ్వకూడదన్న మాటా నీదే. మీకు కీడు రాదన్న మాటా నీదే,” అన్నాడు దొరబాబు. “మా అన్న పోయిననాటి మాట ముందుది పెద్దా. ఏ మాట నిలబెడతావో సెప్పు.”

“ఆ మాట కోపంలో అన్నాం. ఇది గంగమ్మ ముందర అన్నాను,” అన్నాడు సింహాద్రి.

“గంగమ్మకి అబద్దం సెప్పినోలు ఆలు. నీ ఒట్టు అబద్దానికి వేసిన ఒట్టు.”

“అబద్దం ఆలది. ఒట్టు నాది.”

ఆ మాటకి జనం మండిపోయారు. కొందరు అతని తండ్రిని కూడా తిట్టారు. ఒక ముసలమ్మ, తను పెంచిన మనవడు అడ్డంపెట్టిన పడవలో చచ్చిపోతే వీడు శత్రువులకి కర్పూరం వెలిగించాడా అని ఇసుక తీసి అతని మీదికి విసిరింది. ఆవిడ దొరబాబు నానమ్మ. సింహాద్రి ఇసుక దులుపుకోలేదు. కుర్రాళ్ళు డబ్బాలు చేతికి తీసుకుని లేచారు. ఇంకో నిమిషంలో దిబ్బ చివర మంట లేస్తుందని అతనికి తెలిసిపోయింది. ఏదో ఒకటి ఇవ్వకపోతే వీళ్ళు ఆగరు. అప్పుడు అతని నోట్లోంచి వచ్చింది ఆ మాట. జగ్గారావు చెప్పినదాంట్లో తను వినలేదనుకున్న భాగమే అది.

“ఉండనీండి. ఆల పడవలు ఇంక నీట్లో దిగవు. ఆలు మన పడవలు లాగుతారు, మన అలివి లాగుతారు, మన ఐసు మోస్తారు. ప్రాణం జోలికి మాత్తరం ఎవరూ ఎల్లకూడదు.”

మోటారు పడవలున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూలి మనుషుల కోసం వాళ్ళు ఎప్పటి నుంచో అల్లాడుతున్నారు. దొరబాబు పక్కవాడి చేతిలోని డబ్బా తీసుకుని కింద పెట్టాడు. అది ఒప్పుకున్నట్టే.

ఆ మాట తీసుకుని సింహాద్రి తనే నడిచి పాకల దగ్గరికి వెళ్ళాడు. నీలకంఠం విని, చంపకుండా ఉంటే చాలు పెద్దా అన్నాడు. చిట్టమ్మ మాత్రం తండ్రి వంక ఒకసారి, సింహాద్రి వంక ఒకసారి చూసి లోపలికి పోయింది. ఆ సాయంత్రం వాళ్ళ పడవలన్నీ దిబ్బ మీదికి లాగి బోర్లించారు.

మొదటి ఏడాది సింహాద్రి తను గట్టెక్కానని అనుకున్నాడు. ఎవరూ చావలేదు, మాట పోలేదు. తర్వాత్తర్వాత అలా అనుకోలేకపోయాడు. తెల్లవారుజామున పడవ కదలాలంటే దిబ్బ చివరివాళ్ళని కేకేసేవారు, పేర్లు పెట్టి కాదు, ‘ఒరేయ్ కొండకిందా’ అని. సాయంత్రం అలివి లాగాక మంచి కానాగంత చేపలన్నీ ఏరుకున్న తర్వాత మిగిలిన చిన్నాచితకా చేప వాళ్ళ గంపల్లో పోసేవారు. మగదిక్కు లేని ఇళ్ళకి పంపే మొదటి గంప కూడా, తీసుకెళ్ళి ఇచ్చేది వాళ్ళ ఆడవాళ్ళే. సింహాద్రి చావడిలో ఒకటి రెండుసార్లు నోరు విప్పాడు. నువ్వు కుదిర్చిన బేరమే కదేటి అని నవ్వారు. అది నిజమే.

ఇటు దిబ్బపేట వాళ్ళు కూడా అతన్ని క్షమించలేదు. శత్రువుల్ని తెచ్చి పెట్టిన పెద్ద అని వెనక అనేవారు, తర్వాత ముందే అనేవారు. నలుగురు కూర్చుని, ఈ కాలంలో వంశం చూసి పెద్దని పెట్టడం ఏటి, చేతులెత్తి ఎన్నుకుందాం అన్నారు. చేతులు దొరబాబుకి లేచాయి. సింహాద్రి పాగా విప్పి అరుగు మీద పెట్టి ఇంటికొచ్చాడు. పోతమ్మ గంజి పోసి పెట్టింది.

చిట్టమ్మ మొగుడు నూకరాజు చనిపోయింది ఆ మరుసటి ఏడాది, వేట మంచి ఊపు మీద ఉన్నప్పుడు. దొరబాబు వల అడుగున రాళ్ళకి తగులుకుంది. కెరటం పెద్దగా ఉంది. పేట కుర్రాళ్ళు తాము దిగేది లేదన్నారు. నూకరాజుని దిగమన్నారు. అతను దిగాడు. వల విడిపడింది. అతను పైకి రాలేదు.

నీట్లో మనిషి పోతే దిబ్బపేటలో ఒక పద్ధతి ఉంది. శవం దొరికేదాకా ఎవరూ వేటకి పోరు. వెతికే పడవల్లో మొదటిదాంట్లో పెద్ద ఉంటాడు. ఆ పని చేస్తాడు కాబట్టే అతను పెద్ద. సింహాద్రి పాగా పోయాక మొదటిసారి దొరబాబు ఇంటికి వెళ్ళి, పడవ తియ్యమని అడిగాడు.

“అది మన పేటోలకి,” అన్నాడు దొరబాబు. “నూకరాజు మన పేటోడా? నువ్వే సెప్పు. ఆలు మనోలని నువ్వెప్పుడైనా అన్నావా?”

సింహాద్రి గుర్తు చేసుకున్నాడు. కీడు రాదన్నాడు. ప్రాణం జోలికి పోవద్దన్నాడు. మనవాళ్ళని మాత్రం ఎప్పుడూ అనలేదు.

తెల్లారి పడవలన్నీ వేటకి పోయాయి. చేప గుంపు దగ్గరికొచ్చిందని కబురు. సింహాద్రి, నీలకంఠం ఇద్దరూ బోర్లించిన పడవల్లో ఒకదాన్ని తిరగేశారు. ఎండకి చెక్కలు విచ్చిపోయి ఉన్నాయి. నీట్లోకి తోస్తే సగం నిండిపోయింది. చివరికి ఎవరిదో పాత తెప్ప దొరికితే దాని మీద ఇద్దరు ముసలివాళ్ళూ బయలుదేరారు. ఎండెక్కేదాకా తెడ్లు వేశారు. పడవల్లో ఉన్నవాళ్ళు చూసి మొహం తిప్పుకున్నారు. ఒడ్డుకి తిరుగుతున్నప్పుడు నీలకంఠం తెడ్డు ఆపాడు.

“ఆ రోజు పాకలు కాల్చీసుంటే, ఎటో అటు తెడ్డేసుకుని ఎల్లిపోయేవోలం,” అన్నాడు. “నువ్వు మమ్మల్ని బతికించి ఒడ్డుకి కట్టీసినావు పెద్దా.”

కోపంగా అనలేదు. అలిసిపోయినట్టుగా అన్నాడు. సింహాద్రి తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

రెండు రోజులకి నూకరాజు శవం భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అక్కడి పేట వాళ్ళే చూసి కబురంపారు. దహనానికి దిబ్బపేట నుంచి వెళ్ళింది సింహాద్రి, పోతమ్మ, ఇంకా మగదిక్కు లేని ఇళ్ళలోంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు. పెద్దకర్మ అయిన మర్నాడు కొండకిందపేట వాళ్ళు సామాను ఆటోల్లో వేసుకుని పద్మనాభం కాలనీకి వెళ్ళిపోయారు. పడవలు తీసుకెళ్ళలేదు. దొరబాబు ఒడిశా నుంచి కూలీలని మాట్లాడుకున్నాడు.

తర్వాతి వానాకాలంలో సింహాద్రి బస్సెక్కి పద్మనాభం వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నావని పోతమ్మ అడిగితే, చూసొస్తానన్నాడు. కాలనీలో అడిగితే, నీలకంఠం వైజాగ్‌లో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చుంటున్నాడనీ, చిట్టమ్మ నాట్లకి పోయిందనీ చెప్పారు. గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళాడు. అతని కాళ్ళకి బురద గట్టు అలవాటు లేదు, రెండుసార్లు జారాడు. చేలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. అందరి చేతులూ గబగబా కదులుతుంటే, చిట్టమ్మ చెయ్యి మాత్రం తడబడుతూ వెనకబడిపోతోంది. పక్కనావిడ ఏదో కసిరింది.

చిట్టమ్మ అతన్ని చూసి, గట్టు ఎక్కి వచ్చింది. మోకాళ్ళదాకా బురద. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. పిల్లలు బడికి పోతున్నారా అని అడిగాడు. పోతున్నారంది. పనులు రోజూ ఉంటున్నాయా అన్నాడు. ఉన్ననాడు ఉంటున్నాయంది. అతను చేతిలో ఉన్న ఎండుచేపల పొట్లం ఇచ్చాడు. పోతమ్మ పంపిందని చెప్పాడు. తీసుకుంది.

ఎలా ఉన్నారు అని చివరికి అడిగాడు, ఇంకేం అడగాలో తెలియక.

“ఇక్కడ ఎవులి మాట మీదా బతకడం నేదు,” అంది చిట్టమ్మ. “కూలి సేత్తే కూడు, నేకపోతే నేదు. అంతే.”

వెనక నుంచి మేస్త్రి కేకేశాడు. చిట్టమ్మ పొట్లం గట్టు మీద, నీళ్ళ సీసా పక్కన పెట్టి చేలోకి దిగింది. తను వదిలిన చోట వంగి, వెనకబడిన వరస అందుకోవడానికి చేతులు ఆడించింది. సింహాద్రి కాసేపు గట్టు మీద నిలబడ్డాడు. ఆ ఆడవాళ్ళెవరూ అతనెవరని అడగలేదు. వాన మళ్ళీ మొదలైతే, తువ్వాలు నెత్తిన వేసుకుని బస్టాపు వైపు నడిచాడు. బస్సు చాలాసేపటికి గానీ రాలేదు.